చొంగ కుక్కా, చల్లటి గదీ

నాకు ప్రతిదానికీ దేవుడికి షుక్ర్ చెప్పుకునే అలవాటుంది. అన్నం ముద్దకాకుండా పొడిపొడిగా ఉడికితే చెప్పుకుంటాను. ఆరేసిన బట్టలు తీసేలోపల దుమ్ముగాలి రాకపోతే చెప్పుకుంటాను. ఈ గుణం మా అమ్మది. మాది కడప దగ్గర ఒక చిన్న ఊరు. నేను బడి ముఖం చూడలేదు. పొద్దున అమ్మ ఖురానూ ఉర్దూ చెప్పేది. సాయంత్రం నాయన కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని పాత దినపత్రికల్లో తెలుగు చదివించేవాడు. పెద్ద పరీక్షలేవీ రాయకపోయినా దుబాయ్ వచ్చాక ఆ ఇంటి చదువే నాకు అన్నం పెట్టింది, ఖురాను అక్షరాలు వచ్చు కాబట్టి ఇక్కడి అరబ్బీ త్వరగా పట్టుబడింది. అందుకూ షుక్ర్ చెప్పుకుంటూనే ఉన్నాను.

అయితే ఒకసారి చెప్పకూడనిదానికి కూడా చెప్పాను. దాని గురించే ఇది.

నేను ఒక అరబ్బు ఇంట్లో పెద్దామెను చూసుకునే పనిలో ఉన్నాను. ఆమెకు ఎనభై దాటాయి. ఇక్కడివాళ్లు తల్లిని పిలిచినట్టే నేనూ ఆమెను యుమ్మా అని పిలుస్తాను. ఆమె కొడుకే మా కఫీల్, మా వీసాలకు జామీను ఉండే యజమాని. ఊరవతల ఇసుకదిబ్బల మధ్య అతనికి ఒక తోట, దాని వెనక కంచె వేసిన పెద్ద భూమి ఉన్నాయి. అందులో జింకల్ని వాళ్లే పెంచుతారు. అనుమతి కాగితం తీసుకుని చలికాలంలో అతిథులొచ్చినప్పుడు కొన్నిటిని వేటాడతారు. చలి మొదలవగానే పెద్దామె ఆ తోటకు మారిపోతుంది, ఆమె వెంట నేను.

ఆ జింకల కాపరి మన మనిషే. జగిత్యాల దిక్కు, వయసు యాభైకి దగ్గర. అంతకుముందు సోనాపూర్‌లో కూలీల క్యాంపులో ఉండి కట్టడాల్లో పనిచేసేవాడు. తోటలో గోడ కట్టడానికి వచ్చినప్పుడు తప్పిపోయిన జింకపిల్ల ఒకటి ఉంటే, ఇసుకలో అడుగులు చూసుకుంటూ పోయి భుజాన వేసుకుని తెచ్చాడట. వాళ్ల నాయన గొర్లకాపరి, ఆ చూపు అక్కడిది. కఫీల్ అది చూసి అతన్ని తోటలోనే ఉంచేశాడు. అతను కఫీల్‌ను అర్బాబు అనేవాడు, నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. గదికి పన్నెండుమంది ఉన్న క్యాంపు నుంచి వచ్చి చెట్టుకింద మంచం వేసుకున్న మనిషి. "గీడ ఊపిరాడుతది చెల్లె, మల్ల ఆడికి పొమ్మనకపోతే సాలు" అనేవాడు. అతనికి అరబ్బీ రాదనే నేను అనుకునేదాన్ని. కఫీల్‌తో అతని మాటలన్నీ నా నోటి మీదుగానే పోయేవి. అది నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు.

కరోనా తగ్గి విమానాలు మళ్లీ మామూలుగా తిరుగుతున్న చలికాలం. అంతకుముందు ఏడాది తూటా తగిలిన జింకలు రెండు దొరకకుండా పోయాయి. పెద్దామెకు అది పట్టరాని బాధ. జంతువు గాయపడితే వెంటనే వెతికి పట్టుకుని దేవుడి పేరు చెప్పి కోయాలి, లేకపోతే దాని ఉసురు ఇంటికి తగులుతుంది అని ఆమె కొడుకును కూర్చోబెట్టి చెప్పింది. ఇంట్లో రెండు సలూకీలున్నాయి, ఇక్కడివాళ్లు ప్రాణంలా చూసుకునే సన్నటి వేటకుక్కలు. కాని సలూకీ కంటితో వేటాడుతుంది. ఎదురుగా కనబడినంతసేపే దాని పరుగు. రక్తం కార్చుకుంటూ పొదలోకి దూరిన జింక దానికి కనబడదు, కనబడనిది దాని లెక్కలో లేనట్టే. కావలసింది నేలకు ముక్కు ఆనించి, కారిన రక్తపు వాసన పట్టుకుని పోయే జాతి.

కుక్కల వ్యాపారి ఒకతను రెండింటిని తెచ్చి పదిరోజులు చూసుకొమ్మని వదిలి వెళ్లాడు. ఒకటి పాయింటర్. పొట్టి వెంట్రుకలు, గోధుమరంగు మచ్చలు, ఎప్పుడు చూసినా స్ప్రింగు మీద నిలబడ్డట్టు ఉండేది. రెండోది బ్లడ్‌హౌండ్. చెవులు నేలకు రాసుకునేవి. ముఖమంతా ముడతలు, వేలాడే పెదాల నుంచి చొంగ తీగలు తీగలుగా కారేది. తల విదిలిస్తే గోడమీద పడేది. మా అన్న దానికి చొంగది అని పేరు పెట్టేశాడు. కఫీల్ అతన్ని పిలిచి, ఎంచేది నువ్వే, ఎంచిన కుక్కతో నడిచేదీ నువ్వే, రేపు దాని మంచిచెడ్డలు నీమీదే అన్నాడు. నేనే తెలుగులో చెప్పాను. అన్న తల ఊపాడు.

ఇక ఆ గది సంగతి. వంటింటి వెనక సరుకులు పెట్టుకునే చిన్న గది ఉండేది. ఖర్జూరాలు చెడిపోకుండా ఎప్పుడూ ఏసీ తిరుగుతుండేది. మూలన రెండు బస్తాలు జరిపి నేను చాప పరుచుకునేదాన్ని. ఐదుపూటలూ నా నమాజు అక్కడే. పదిమంది ఉన్న ఇంట్లో పుట్టి, పదిమంది ఉన్న ఇంటికి కోడలినై, ఇక్కడికొచ్చి పెద్దామె మంచం పక్కనే పడుకునే నాకు, తలుపు మూసి గడియ పెట్టుకునే చోటు బతుకులో అదే మొదటిది. కఫీల్ ఒకరోజు ఆ తలుపు తీసి చూసి, చొంగది ఎండకు ఆగదు, దాన్ని ఉంచుకుంటే ఈ గది ఇవ్వాలి అన్నాడు. పాయింటర్ అయితే సలూకీల కొట్టంలోనే సర్దుకుంటుందట.

ఆ రోజు నుంచి నాకు ఆ కుక్క చొంగ తప్ప మరేదీ కనబడలేదు. కుక్క నోటి తడి తగిలితే బట్ట పనికిరాదు, గిన్నెను ఏడుసార్లు కడగాలి, ఒకసారి మట్టితో తోమాలి అని మా అమ్మ నేర్పింది. అదే పెద్దామెతో అన్నాను. ఆమె నవ్వి, నేర్పిన వేటకుక్క నోట కరిచి తెచ్చినదాన్నే తినమన్నాడు కదమ్మా పైవాడు, నీ కొంగుకు తగిలితే ఉతుక్కో అంది. సరే యుమ్మా అన్నాను. లోపల మాత్రం శుభ్రత, శుభ్రత అనుకుంటూనే ఉన్నాను. నాకు నేను చెప్పుకున్న మాట అది. అసలు సంగతి గది.

పదోరోజు పరీక్ష. ముందురోజు సాయంత్రమే అన్న ఒక స్పాంజిని మేక రక్తంలో ముంచి, తాడుకు కట్టి, దిబ్బల మీదుగా వంకరటింకరగా ఈడ్చుకుంటూ పోయాడు. చివర ఒక పొద కింద జింక గిట్ట పెట్టి వచ్చాడు. పొద్దున కఫీల్ వచ్చాడు. పెద్దామెను చక్రాల కుర్చీలో నేను తోసుకుంటూ తీసుకెళ్లాను. చొంగదాన్ని ముందు వదిలారు. మెడకు పొడుగు తాడు, వెనక అన్న. అది ముక్కు నేలకు రాసుకుంటూ, ఆగుతూ, వెనక్కు వచ్చి మళ్లీ వాసన చూసుకుంటూ, రక్తం ఎన్ని వంకరలు పోయిందో అన్ని వంకరలూ పోయింది. కఫీల్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. గిట్ట దొరికింది. తర్వాత పాయింటర్. అది తల పైకెత్తి, అటూ ఇటూ నాలుగు చుట్లు చుట్టి, దారితో పనిలేకుండా సూటిగా ఆ పొదలోకి దూకింది. కఫీల్ మొహం వెలిగింది. అయినా అతను మాట తప్పలేదు. అన్న వైపు తిరిగి ఏమంటాడో అడగమని నాకు చెప్పాడు.

అన్న నుదురు తుడుచుకున్నాడు. అతని పంచె మోకాలు దగ్గర చొంగతో తడిసి ఉంది.

"చెల్లె, నేనన్నది అన్నట్టే చెప్పు. గా పొట్టివెంట్రుకలది గాలి వట్టుకుని పోతది. ఇయ్యాల గాలి దాని దిక్కు కొట్టింది, గందుకే ముంగట చేరింది. గాలి మర్లితే ఆగమైతది. బతికున్న జింక కండ్లవడితే నెత్తురు వాసన ఇడిసి దాని ఎంబడి ఉరుకుతది. చొంగది నిమ్మలం, కని తొవ్వ ఇడువది. నాకు చొంగదే కావాలె."

నేను కఫీల్‌కు ఇలా చెప్పాను. రెండూ మంచివే అంటున్నాడు. ఈ పాయింటర్ సరీ, చాలా సరీ అంటున్నాడు. అరబ్బీలో సరీ అంటే వేగమైనది అని.

అంతే. పెద్ద అబద్ధం కూడా కాదని ఆ క్షణాన నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ముందు చేరింది అని అతను అననే అన్నాడు కదా. మిగిలింది మింగేశాను. కఫీల్ అన్న ముఖంలోకి చూశాడు. అన్న నన్ను చూసి ఏమన్నడు అని అడిగాడు. ఆయనకు పొట్టివెంట్రుకలదే నచ్చిందంట అన్నా అన్నాను. అది రెండో అబద్ధం. అన్న ఇసుకలోకి చూసి గట్లనా అన్నాడు. కఫీల్ ఖలాస్ అని చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం వ్యాపారి వ్యానులో చొంగదాన్ని ఎక్కించారు. అది ఎక్కనని మొరాయిస్తే అన్నే ఎత్తి పెట్టాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక నా చల్లటి గదిలోకి పోయి, గడియ పెట్టుకుని, కృతజ్ఞతగా రెండు రకాతుల షుక్రానా నమాజు చదివాను. నా చోటు నాకు నిలబెట్టినందుకు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

ఆ నెల తిరక్కముందే అతిథులొచ్చారు. ఎండ వాలే వేళకు ఒకాయన కాల్చిన తూటా ఒక జింకకు కడుపులో తగిలింది. అది పడలేదు, దిబ్బ దాటి పోయింది. అన్న పాయింటర్‌ను తీసుకుని బయలుదేరాడు. కొంతదూరం అది బాగానే పోయిందట. ఆ తర్వాత పక్కనుంచి నాలుగు జింకలు గెంతుకుంటూ పోయాయి. తాడు అన్న అరచేతిని కోసుకుంటూ జారిపోయింది, కుక్క వాటి వెంట పడింది. అన్న ఒక్కడే అడుగులు చూసుకుంటూ చీకటి పడేదాకా తిరిగాడు. పొద్దున లేచి చూస్తే గాలి ఇసుకంతా సాపు చేసి పెట్టింది. మూడోరోజు కంచెవారన జింక దొరికింది. చచ్చి ఎంతోసేపు కాలేదట.

పెద్దామె ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఎంత బతిమాలినా ముఖం గోడవైపు తిప్పుకుంది.

కఫీల్ చెడ్డవాడు కాదు, కేకలు వెయ్యలేదు. వరండాలో కూర్చుని అన్నను పిలిపించాడు. నన్ను కూడా. నీ మాట నమ్మి ఆ కుక్కను ఉంచాను, నీకు అడుగులు తెలుసు గాని కుక్కలు తెలియవని అర్థమైంది, కొత్త మనిషిని చూసుకుంటాను అని చెప్పమన్నాడు. ఆ మాటల్ని మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా తెలుగు చేశాను. చేస్తుంటే నా నాలుక ఎక్కడా తడబడలేదు. అన్న కోసుకుపోయిన చేతికి గుడ్డ కట్టుకుని నిలబడి విన్నాడు. నన్ను చూశాడు.

"సరే అను చెల్లె."

అది అరబ్బీలో చెప్పాను. వారంలో అతను సామాను సంచీలో వేసుకుని, పాత కంపెనీ బస్సెక్కి సోనాపూర్ వెళ్లిపోయాడు. చెట్టుకింద మంచం అలాగే ఉండిపోయింది.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు. పని పోతుందని భయం. పెద్దామె ముందు తల ఎత్తుకోలేనని భయం. రోజూ ఆ గదిలోనే నమాజు చదివేదాన్ని.

షబే బరాత్ వచ్చింది. ఆ పండక్కి ముందు మా వైపు ఒకరినొకరు మాఫీ అడుగుతారు. తెలిసీ తెలియక ఏమన్నా అని ఉంటే మన్నించండి అని. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగేది. మాకు ఫోన్లొచ్చాయి కాబట్టి నేను నాలుగు వాక్యాలు చక్కగా రాసి, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఒకేసారి పంపేశాను. ఆ నంబర్లలో అన్న నంబరు కూడా ఉందని నాకు గుర్తేలేదు. పది నిమిషాలకు అతని గొంతు వచ్చింది, రాయడం రాదు కాబట్టి మాటగా పంపాడు.

"చెల్లె, గిది అందరికి వంపినట్టున్నవు. నాగ్గూడ అచ్చింది. మంచిగుండు బిడ్డా."

మనుషులకు చేసిన అన్యాయాన్ని ఆ మనిషి మన్నించేదాకా దేవుడు కూడా మన్నించడని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది. నిజంగా అడగవలసిన ఒక్క మనిషికి నా మాఫీ గుంపులో ఒకటిగా చేరింది.

ఆదివారం సెలవు అడిగి సోనాపూర్ పోయాను. ఆడవాళ్లు క్యాంపు లోపలికి పోయే వీలు లేదు. గేటు ఎదుట టీ అంగడి బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అన్న నల్లబడ్డాడు. నాకు చాయ్ చెప్పి, పెద్దమ్మ ఎట్లుంది, గామె మోకాళ్లు ఎట్లున్నయి అని అడిగాడు. కుక్క సంగతి అడగలేదు. నేనే ఎత్తుకున్నాను. ఆ రోజు నువ్వు చెప్పింది నేను చెప్పలేదన్నా అన్నాను.

"నాకెర్కనే" అన్నాడు. "మూడేండ్లున్న ఆ ఇంట్ల. సరీ అంటే ఉరుకుడని తెల్వదా? చొంగదాని ముచ్చటనే తియ్యకపోతివి."

"మరి ఆ పొద్దే ఎందుకు అనలేదన్నా?"

"ఐదుపూటల దేవుని మొక్కే మనిషి ఊకె అట్ల చెప్పదనుకున్న. ఏదో కారణముంటదనుకున్న. అర్బాబు ముంగట నీ మాట అబద్ధమంటే నీ నౌకరి వోతుండె."

కారణం ఉందన్నా, సరుకుల గది, దాన్ని కుక్కకు ఇస్తారని చెప్పలేదు అన్నాను. అతనికి ముందు అర్థం కాలేదు. ఏ గది అని మళ్లీ అడిగాడు. చెప్పాను. అన్న నవ్వాడు.

"కుక్కతోని పోటీవడ్డవా చెల్లె."

ఆ నవ్వులో వెటకారం ఉంది, ఉండాల్సిందే. తర్వాత అతను జింక దొరికిన చోటు గురించి చెప్పాడు. అది పడి ఉన్నచోట ఇసుక గుండ్రంగా గీరుకుపోయి ఉందట. లేవలేక, పడుకోలేక అక్కడక్కడే తిరిగిందట. తూటా తగిలిన చోటినుంచి అది ఎంతో దూరం కూడా కాదు. చొంగది గంటలోపల పోయి నిలబడేది అన్నాడు. నన్ను నొప్పించడానికి కాదు. అతను ఆ లెక్క రోజూ వేసుకుంటున్నట్టుంది.

మన్నించమని అడిగాను. నాదేముంది, ఎప్పుడో ఇడిసిపెట్టిన అన్నాడు. మళ్లీ తోటకు తీసుకోమని కఫీల్‌ను అడుగుతానంటే వద్దన్నాడు. నాలుగు నెలల్లో కంపెనీ కాగితం అయిపోతుంది, ఊరికి పోతాడట. ఒక్కటి మాత్రం చెయ్యమన్నాడు.

"నేను ఆ దినం అన్నది అన్నట్టే చెప్పు అర్బాబుకు. వచ్చే చలికాలం మల్ల ఒక జింకుంటది గద."

మరుసటి రోజు పొద్దున కఫీల్ తల్లి దగ్గర కూర్చుని ఉండగా చెప్పాను. గాలి సంగతి, బతికున్న జింక వెంట ఉరుకుతుందన్న సంగతి, చొంగది దారి విడవదన్న సంగతి, నాకు చొంగదే కావాలన్న ఆఖరి మాట. ఎందుకు మింగానో అది కూడా. పెద్దామె చెయ్యి నా మోచేతి మీద ఉంది, మందులు వేసుకునేటప్పుడు ఎప్పుడూ అలాగే పెట్టుకుంటుంది. గది అనే మాట వచ్చేసరికి ఆ చెయ్యి తీసేసి తన ఒళ్లో పెట్టుకుంది. కఫీల్ లేచి, ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. అన్నకే చేశాడు. అన్న తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లోనే రాను అన్నాడట. కుక్కను మాత్రం తెప్పించమన్నాడట.

నన్ను పనిలోంచి తియ్యలేదు. కాని ఆ తర్వాత కఫీల్ పనివాళ్లతో మాట్లాడాలంటే ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తీస్తాడు. నేను చాయ్ పళ్లెం పట్టుకుని పక్కనే ఉంటాను. అది ఏదో ఒకటి పలుకుతుంది. పనివాళ్లు తెల్లముఖం వేసుకుని నా వైపు చూస్తారు. నన్ను ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

తర్వాతి చలికాలానికి బ్లడ్‌హౌండ్ వచ్చింది. పాతది కాదు, అది ఎవరికో అమ్ముడుపోయింది. ఇది ఆడది, చొంగ మాత్రం అంతే. సరుకుల గదిలోంచి నా చాప నేనే తీసేశాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ఏడాది ముందే దానికి దక్కవలసిన గది అది. ఇప్పుడు వంటింటి నడవాలో చదువుకుంటున్నాను. దాని గిన్నె రోజూ ఏడుసార్లు కడుగుతాను, ఒకసారి ఇసుకతో. నన్ను చూడగానే వచ్చి నా మోకాలి మీద మూతి పెడుతుంది. నమాజు వేళకు బట్టలు మార్చుకుంటాను. మార్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల కోసం నేను ఒక మనిషిని బస్సెక్కించాను.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం మళ్లీ ఒక జింక గాయంతో తప్పించుకుంది. కొత్త కాపరి నిజామాబాద్ మనిషి. కుక్క ఆగి ఆగి వాసన చూస్తుంటే కఫీల్ ఫోన్‌లో ఏదో అడిగాడు, ఫోన్ దాన్ని తెలుగులో ఏదో చేసింది, కాపరికి అర్థం కాలేదు. అందరూ నిలబడిపోయారు. జింక ఎక్కడో రక్తం కార్చుకుంటోంది. అప్పుడు పెద్దామె కుర్చీలోంచి నా వైపు తిరగకుండానే అంది.

"నువ్వు చెప్పు. అంతా చెప్పు."

కాపరి అన్నాడు, దాన్ని తొందర పెట్టద్దు, అందరు గిట్ల ఎంబడి వచ్చి లొల్లి చేస్తే అది ఖరాబైతది, సేటును ఆన్నే ఉండుమను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఆఖరి మాట కూడా. కఫీల్ అక్కడే ఆగిపోయాడు.

ఎండ వాలకముందే దొరికింది. ప్రాణంతోనే. కాపరి బిస్మిల్లా చెప్పే మనిషి కాదు కాబట్టి కఫీల్‌ను పిలిచాడు, అతనే దేవుడి పేరు చెప్పి కోశాడు. పెద్దామె ఆ రాత్రికి రొట్టె అడిగి తింది.

నేను జగిత్యాల దిక్కు ఫోన్ చేశాను. అన్న పొలం దగ్గర ఉన్నాడు, గాలి చప్పుడులో సరిగ్గా వినబడలేదు. కుక్క ఒకటి వచ్చిందన్నా, ఇయ్యాల జింకను పట్టించింది అన్నాను.

"తొవ్వ ఇడిసిందా?"

"ఇడవలేదన్నా."

"అయితే మంచిది" అన్నాడు. ఎడ్లను ఎవరో తోలుకొస్తున్నారని పెట్టేశాడు.

మగ్రిబ్ అయ్యాక నడవాలో చాపమీదే నిలబడ్డాను. షుక్రానా చదవాలని మనసు లాగింది, నా అలవాటు కదా. చేతులెత్తబోతే, గడియ పెట్టుకుని కళ్లనీళ్లతో చదివిన ఆ పాత రెండు రకాతులు గుర్తొచ్చాయి. వాటిని వెనక్కి తీసుకునే దారి మా అమ్మ నాకు నేర్పలేదు. కూర్చుని, వాటికి క్షమాపణే అడిగాను. తలుపు అవతల చల్లటి గదిలో కుక్క నీళ్లు తాగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.